పాండురంగం మీసం, ఈరమ్మ ఎర్రలు

దిల్‌సుఖ్‌నగర్,
24 జూన్ 1985

బామ్మర్ది భిక్షపతికి బావ పాండురంగం రాయునది:

నీ మీసం ఎలా ఉంది? నూనె రాసి బాగా దువ్వుకో. దానితో నీ చుట్టరికం దసరా వరకే.

మా గృహప్రవేశం నాడు భోజనాల దగ్గర నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. "బావా, గీ కాలనీ మట్టిల గరిక గూడ మొలవది. నెలనెల నేను కూరగాయల సంచి పంపకుంటె మా అక్క ఉత్త కారం మెతుకులు తినాలె" అన్నావు. పంక్తిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వడ్డించేవాడు కూడా గరిటె ఆపి నవ్వాడు. అందుకే నాకు పౌరుషం వచ్చింది. దసరాకు నువ్వు వచ్చేసరికి నా పెరట్లో కాసిన సొరకాయ కూర నీ విస్తట్లో వేస్తానని, వేయలేకపోతే నా మీసం తీయించుకుంటానని, వేస్తే నువ్వు నీ మీసం తీయించుకోవాలని అందరి ముందు పందెం కాశాను.

నా మీసం విలువ నీకు తెలియదు. నువ్వు చేనులో ఉండేవాడివి, నీ మీసాన్ని చూసేవి ఎడ్లు. నేను బస్సు డిపోలో టైంకీపర్‌ని. అక్కడ పాండురంగం అంటే ఎవరికీ తెలియదు, "మీసాల సార్" అంటేనే తెలుసు. బస్సు ఆలస్యంగా తెచ్చిన డ్రైవర్‌ను నేను ఒక్క మాట అనను. గడియారం వంక చూసి మీసం మీద చెయ్యి వేస్తాను, అంతే. వాడే క్షమించమంటాడు. అటువంటి ఆస్తిని నీ కోసం పణంగా పెట్టాను.

ఇక పెరడు సంగతి. రెండు వందల గజాల ప్లాటులో ఇల్లు పోగా వెనక నాలుగు మంచాలు పట్టేంత జాగా మిగిలింది. కాలనీకి ఆనందవనం అని పేరు పెట్టారు. ఆనందం ఎవరికైనా దొరికిందేమో తెలియదు గాని వనం మాత్రం లేదు. ఎటు చూసినా ఇసుక కుప్పలు, కంకర కుప్పలు, వాటి మీద కుక్కలు. వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడవాలి. అయినా సొర గింజలు వేశాను, మొలకెత్తాయి.

పక్కింటి సాంబమూర్తి గారు నాకు పెద్ద అండ. గుంటూరు జిల్లా మనిషి, బ్యాంకులో ఉద్యోగం. మొక్కల విషయంలో మహా జాగ్రత్తపరుడు. "పురుగు వచ్చాక మందు వెయ్యడం కాదండీ, రావాలని దానికి ఆలోచన పుట్టకముందే వెయ్యాలండీ" అంటారు. ఆయన దయవల్ల ఇక్కడ చీమ అన్నది కనబడదు. అంత శుభ్రంగా ఉంది పెరడు.

మీ అక్క ఆండాలు నిన్ను అడిగానని రాయమంది. నేను మాత్రం నీ మీసాన్నే అడిగానని రాస్తున్నాను.

నీ బావ,
పాండురంగం


ముత్యాలగూడెం,
నల్లగొండ జిల్లా,
3 జూలై 1985

పూజ్యులైన బావగారికి బామ్మర్ది భిక్షపతి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీసం క్షేమంగా ఉంది, మీకు నమస్కారాలు చెప్పమంది.

చీమ కూడా లేదని గొప్పగా రాశారు. బావా, అది పెరడా, ఆపరేషన్ థియేటరా? చీమ లేని నేలలో సొరపాదు ఎవరితో మాట్లాడుకుంటుంది? చీమల సంగతి వదిలేయండి, ఎర్రలు ఉన్నాయా? సాంబమూర్తి గారికి ఎర్రలంటే తెలియకపోతే వానపాములని చెప్పండి. అవి మట్టి తిని మట్టే విడుస్తాయి. నేలను గుల్ల చేస్తాయి. వాన నీరు వాటి దారిలోనే లోపలికి దిగుతుంది, వేరూ అదే దారి పడుతుంది. జీతం అడగని పాలేర్లు అవి. ఒకసారి పార దింపి చూసి రాయండి. నా చేనులో పార వేస్తే మట్టి కంటే ఎర్రలే ఎక్కువ లేస్తాయి.

మీ పెరట్లో లేకపోతే సిగ్గుపడకుండా అడగండి, పంపుతాను. చేతకాని మనిషి మీద పందెం గెలిస్తే నాకు మాత్రం ఏం పేరు?

మన ఊరి మీదుగా వచ్చే బస్సు కండక్టర్ దశరథ చేతికి ఈ నెల సంచి ఇచ్చాను. వంకాయలు, బెండకాయలు, దోసకాయలు ఉన్నాయి. అక్క ఉత్త కారం మెతుకులు తినకుండా చూసుకోండి.

ఇట్లు,
భిక్షపతి


దిల్‌సుఖ్‌నగర్,
12 జూలై 1985

భిక్షపతికి,

పార దింపాను. అంటే, దింపబోయాను. పార మూతి వంగింది. రాత్రంతా కురిసిన వాన నీళ్ళు నేల మీద అలాగే నిలబడి ఉన్నాయి, లోపలికి పోయే ఉద్దేశం వాటికి లేదు. గడ్డపారతో మోకాలి లోతు తవ్వాను. ఎర్ర కాదు కదా, ఎర్ర తోక కూడా కనబడలేదు. సాంబమూర్తి గారు గోడ మీది నుంచి చూసి "నిధి ఏమైనా ఉందాండీ?" అని అడిగారు.

సొరమొక్క నాలుగాకులు వేసి ఆగిపోయింది. ఆకులు ఊరగాయ చెంచా అంత ఉన్నాయి, అంచులు పసుపు పచ్చగా మారాయి. మీ అక్క దానికి దిష్టి తీసింది.

అందుచేత ఒక కుండెడు ఎర్రలు పంపు. దీన్ని ఓటమి అనుకోకు. పెళ్ళికి పక్కింటి జంపఖానా అడిగి తెచ్చుకోమా? అలాంటిదే ఇది.

నీ బావ


ముత్యాలగూడెం,
22 జూలై 1985

బావగారికి నమస్కారాలు.

జంపఖానా పంపుతున్నాను. మళ్ళీ మడత పెట్టి తిరిగి ఇవ్వనక్కర్లేదు.

దశరథ బస్సులో కుండ వస్తుంది. అడుగున పేడ ఎరువు, పైన తడి గోనె పట్టా. ఎండ తగలనీయకండి. సాయంత్రం పూట మొక్క చుట్టూ తవ్వి, నీళ్ళు చల్లి, నెమ్మదిగా వదలండి. మగపెళ్ళివారిని చూసుకున్నట్టు చూసుకోండి. అవీ మగపెళ్ళివారిలాగే, ఏదైనా నచ్చకపోతే లేచి వెళ్ళిపోతాయి.

మేలుజాతి ఎర్రలు. మా మట్టి తిని బలిసినవి.

భిక్షపతి


దిల్‌సుఖ్‌నగర్,
30 జూలై 1985

భిక్షపతికి,

నీ మగపెళ్ళివారు నా పరువు తీశారు. ముందు ప్రయాణం సంగతి విను.

దశరథ కుండను వెనక సీటు కింద పెట్టాడట. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర బర్రె అడ్డం వస్తే డ్రైవర్ బ్రేకు కొట్టాడు. కుండ దొర్లింది. ఎర్రలు బస్సు అంతా బయలుదేరాయి. ఒక పెద్దమనిషి సీటు మీదికెక్కి నిలబడి "పాము పిల్లలు! బస్సు ఆపుండ్రి!" అని అరిచాడు. ఆడవాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకున్నారు. ఒకావిడ కోడిపెట్టను బుట్టలో తీసుకుపోతోంది, అది మాత్రం ఎంతో సంతోషించింది. అప్పుడు దశరథ గట్టిగా "పరేషాన్ గాకుండ్రి! పాములు గావు, టైంకీపర్ సారు అత్తగారింటోళ్ళు" అన్నాడు. ఎల్.బి.నగర్‌లో బస్సు ఆగేసరికి ఈ మాట నాకంటే ముందు డిపోకు చేరింది. ఇప్పుడు ప్రతివాడూ "అత్తగారింటోళ్ళు మంచిగున్నరా సార్?" అని అడుగుతున్నాడు. మీసం మీద చెయ్యి వేస్తే కూడా ఆగడం లేదు.

సరే, కోడిపెట్టకు మిగిలినవాటిని తెచ్చి నువ్వు చెప్పినట్టే వదిలాను. మూడో పొద్దుకు అన్నీ నేల పైకి వచ్చాయి. పట్టపగలు, ఎండలో! కొన్ని ముడులు వేసినట్టు మెలిపడ్డాయి. కొన్నింటికి మెడ కింద పట్టీలా ఉండే చోట ఉబ్బింది. సాయంత్రానికి అన్నీ మెత్తబడి పడి ఉన్నాయి.

నేను పెరట్లో ఏమీ వేయలేదు. తప్పంతా నీ ఎర్రలదే. పల్లెటూరి ప్రాణులకు పట్నం నీళ్ళు పడలేదు. ఈసారి కొంచెం గట్టివాటిని చూసి పంపు.

నీ బావ

తమ్మీ భిక్షపతీ, నేను అక్కను రాస్తున్న. మీ బావ గీ ఉత్తరం డబ్బాల ఏయమని నాకిచ్చి డిపోకు పోయిండు. ఏమీ ఏయలేదని రాసిండు చూడు, చదివి నాకు నవ్వాగలేదు. పొద్దున లేస్తనే దేవునికి దండం పెట్టుకుని, గా సాంబమూర్తి సారిచ్చిన గమాక్సిన్ పొడి ముగ్గేసినట్టు పెరడంత చల్లుతడు. చీమల కోసమంటడు. ఎర్రలు ఒచ్చిన నాడు గూడ చల్లిండు, వాటికి చీమలు కుడతయేమోనని! నేను చెప్పిన్నని అనకు.


ముత్యాలగూడెం,
6 ఆగస్టు 1985

ఓ బావా,

"గారు" తీసేశాను, గమనించు. "మీరు" కూడా తీసేశాను. మనిషికి ఇచ్చే మర్యాద ఎర్రలను చంపేవాడికి ఇవ్వను.

అక్క నాకేమీ చెప్పలేదు. ఆ విషయం ముందే రాస్తున్నాను. నువ్వు చల్లే గమాక్సిన్ పొడి వాసన ఉత్తరానికే అంటుకుని వచ్చింది.

చీమ మందు చీమనే చంపుతుందని నీకెవరు చెప్పారు? డబ్బా మీద చీమ బొమ్మ ఉంటే ఎర్ర అది చూసి "ఇది నాకు కాదులే" అనుకుంటుందా? దానికి కళ్ళే లేవు. అది నేలలో బతికేది నోటితోనూ ఒంటితోనూ. మట్టి తింటుంది, తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. నువ్వు చల్లిందంతా తిన్నది, పీల్చింది, పూసుకున్నది. పైగా చీమలు కుట్టకుండా చల్లావా? పెళ్ళివారికి ఈగలు వాలకుండా పొగబెట్టి పెళ్ళివారినే ఊపిరాడకుండా చంపినవాణ్ణి నిన్నే చూశాను!

పొడి ఆపు. డబ్బా సాంబమూర్తి గారికి తిరిగి ఇచ్చెయ్. నాలుగు వానలు పడనీ. మట్టి కడుక్కున్నాక ఇంకో కుండ పంపుతాను. పందెం ఊరికే గెలవడం నాకు ఇష్టం లేదు.

భిక్షపతి


దిల్‌సుఖ్‌నగర్,
28 ఆగస్టు 1985

నాయనా భిక్షపతీ,

నువ్వు తిట్టింది న్యాయమే. ఉత్తరానికి వాసన వచ్చిందని రాశావు, మీ అక్క మాత్రం రెండు రోజులు నా ముఖం చూడకుండా వడ్డించింది. ఎవరు చెప్పారో నాకు తెలుసులే.

పొడి ఆపాను. వానలు పడ్డాయి. రెండో కుండ కూడా క్షేమంగా చేరింది. ఈసారి దశరథ దాన్ని తన ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఎర్రలను వదిలాను. ఇవి పైకి రాలేదు. నేను డిపోలో పెళ్ళిభోజనం పెట్టినంత పని చేశాను, అందరికీ టీ ఇప్పించాను. వారం పోయాక తవ్వి చూస్తే లోపలే చచ్చి ఉన్నాయి. ముక్కలు ముక్కలుగా విడిపోయి ఉన్నాయి. భిక్షపతీ, ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నవ్వకు.

కాలనీకి భూమి అమ్మిన రామచంద్రం గారు స్కూటర్ మీద పోతుంటే ఆపి అడిగాను. సరూర్‌నగర్ పాతకాపు ఆయన. "ఇదంత మా ద్రాక్షతోటనే గద సారూ. పురుగొస్తె ఊకుంటమా? వారం వారం మందు కొట్టేది. ద్రాక్షపండ్లు గోలీల తీరు మెరుస్తుండె. మందు ఏడికి పోతది, నేలలనే దాసుకుంటది" అన్నారు. ఎంతో మురిపెంగా చెప్పారు. అంటే నేను వేసిన పొడి మీది గోరంత మాత్రమే. కొండంత ముందే ఉంది. గెలవాలంటే మట్టే మార్చాలి.

కాబట్టి నీ చేను మట్టి పంపు. పార వేస్తే మట్టికంటే ఎర్రలే ఎక్కువ లేస్తాయన్నావు కదా, ఆ మట్టి. నాలుగు గోనెలు చాలు. నువ్వు ఊరి స్టేజీ దగ్గర ఎక్కిస్తే మిగతాది నేను చూసుకుంటాను.

అన్నట్టు, రెండు కుండలూ మీ ఈరమ్మ పెద్దమ్మే తెచ్చి ఇచ్చిందని దశరథ అన్నాడు. నీకు ఒంట్లో నలతగా ఉందా?

బావ


ముత్యాలగూడెం,
4 సెప్టెంబర్ 1985

బావకు,
మట్టి పంపడం కుదరదు. ఎడ్లకు జలుబు చేసింది.
భిక్షపతి


దిల్‌సుఖ్‌నగర్,
8 సెప్టెంబర్ 1985

భిక్షపతికి,
ఎడ్లకు జలుబు చేస్తే బస్సు ఉంది. బస్సుకు జలుబు చేయదు, చేస్తే ముందు తెలిసేది నాకే. కూరగాయల సంచి వస్తోంది గాని మట్టి గోనె రాదా? సంగతేమిటో రాయి.
బావ


ముత్యాలగూడెం,
13 సెప్టెంబర్ 1985

పూజ్యులైన బావగారికి,

"గారు" తిరిగి పెట్టాను. మీరు కూర్చుని చదవండి.

మొదటిసారి మీరు ఎర్రలు అడిగినప్పుడు పార భుజాన వేసుకుని, పాట పాడుకుంటూ చేనుకు పోయాను. కూరగాయల మడిలో తవ్వాను, లేవు. గట్టు పక్కన తవ్వాను, లేవు. బావి దగ్గర తడి ఉంటుంది కదా అని అక్కడ తవ్వాను. పొద్దు గూకే దాకా తవ్వితే నా చేను గోతులు పడి మీ కాలనీలా తయారైంది గాని ఒక్క ఎర్ర దొరకలేదు. నేను మీకు రాసింది నా చిన్నప్పటి చేను, బావా. ఇప్పటిది ఎప్పుడు చూశాను? మొదట్లో వంకాయకు పుచ్చు వస్తోందని గుళికల మందు వేశాను. కాయ నున్నగా వచ్చింది. మార్కెట్లో నా గంప ముందు పోయింది. మరుసటి పంటకు ఇంకొంచెం వేశాను. మీ సాంబమూర్తి గారి సూత్రమే నాదీ. ఆయన "అండీ" అంటారు, నేను అనను, అంతే తేడా.

చేనులో లేకపోతే ఎక్కడ తేవాలి? ఊళ్ళో మందు ముట్టనిది ఈరమ్మ పెద్దమ్మ దొడ్డి ఒక్కటే. ఆమెకేదో గొప్ప తెలివి ఉందని అనుకోకండి. పిసినారితనం. అగ్గిపుల్లను చీల్చి వాడే మనిషి మందు కొంటుందా? ఆమె కూరగాయలు పుచ్చులు పడి, వంకరలు పోయి, చూడ్డానికే భయం వేస్తుంది. వాటిని చూసి నవ్వినవాళ్ళలో ముందు నేనే. ఎర్రలడగడానికి పోతే వాకిట్లో నిలబెట్టి "ఎందుకురా? అంత పెద్ద చేనుండె, నీ చేన్ల లేవా?" అంది. లేవని మెల్లగా చెప్పాను. "ఇనబడ్తలేదు, గట్టిగ చెప్పు" అంది. బోరింగు దగ్గర బిందెలతో ఉన్న ఆడవాళ్ళంతా వినేదాకా చెప్పించింది. కుండలు కూడా తానే తీసుకుపోయి దశరథకు ఇచ్చింది, దారి పొడుగునా ప్రతి ఒక్కరికీ మూత తీసి చూపిస్తూ. అందుకే నాలుగు గోనెల మట్టి అనగానే ఎడ్లకు జలుబు తెప్పించాను.

మీకు లెక్చరు ఇస్తూ నేను రాసిన ఉత్తరం తలచుకుంటే సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది. నాది నాలుగు మంచాల పెరడు కాదు, బావా. నేను బతికేది ఆ నేల మీదే.

మీ
భిక్షపతి


దిల్‌సుఖ్‌నగర్,
6 అక్టోబర్ 1985

చిరంజీవి భిక్షపతికి,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. సాయంత్రం దాకా బాధపడ్డాను. తర్వాత పందెం గుర్తుకొచ్చింది.

శుభవార్త. సొరకాయ కాసింది!

ఎట్లా అని అడుగుతావు. ఎర్రలతో కాలేదు, మట్టితో కాలేదు. దసరా దగ్గరికి వస్తోంది. డిపోలో నా మీసం మీద పందేలు కాస్తున్నారు, ఎక్కువమంది నా మీద నమ్మకం లేనివాళ్ళే. నాకు దిక్కు తోచక సాంబమూర్తి గారి గుమ్మం ఎక్కాను. ఆయన నన్ను చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నంత పని చేశారు. "మీరు తిరిగి వస్తారని నాకు తెలుసండీ" అన్నారు. యూరియా పెట్టించారు. పంపు భుజాన తగిలించుకుని ఆకు మీదా, అడుగునా, మొదట్లోనూ స్వయంగా మందు కొట్టారు. వారం వారం కొట్టారు. పాదు గోడెక్కింది, నీళ్ళ ట్యాంకు ఎక్కింది. ఆఖరికి ఒక కాయ దిగింది. పొడుగ్గా, లేత ఆకుపచ్చగా, గీత లేదు, మచ్చ లేదు. కాలనీవాళ్ళు కుటుంబాలతో వచ్చి చూసి పోతున్నారు. సాంబమూర్తి గారు దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు.

మీ ఊరి మంగలితో ముందే మాట్లాడుకో. పండుగ రోజుల్లో రద్దీగా ఉంటాడు. పందెం అన్నాక పందెమే, జాలి పనికిరాదు.

విజయుడైన నీ బావ,
పాండురంగం


దిల్‌సుఖ్‌నగర్,
14 అక్టోబర్ 1985

భిక్షపతికి,

మంగలి పని ఆపు. ఇక్కడ ఒక సంగతి జరిగింది.

నిన్న మీ అక్కతో, భిక్షపతి రాగానే కాయ కోసి కూర వండుదువు గాని, నువ్వుల పొడి వేసి చెయ్యి అన్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా "నేనొండ" అంది. నాకు అర్థం కాలేదు. "ఎర్ర బతకని మట్టిల కాసిన కాయ నా తమ్మునికి నేనెట్ల ఒండిపెడ్త? గంతగానమైతె ముందు ఒక ఎర్రను తెచ్చి దాని మొదట్ల పెట్టు. అది బతికితె ఒండుత" అంది.

మీ ఈరమ్మ పెద్దమ్మ పంపిన రెండో కుండ అడుగున కొంచెం ఎరువు మిగిలితే ఆండాలు దాన్ని నల్లా పక్కన నీడలో ఉంచింది. అందులో ఎర్రలు పిల్లలు పెట్టి హాయిగా ఉన్నాయి. పందెం గెలిచే తొందరలో నేను వాటిని మరిచేపోయాను. సరేనని ఒక వెడల్పు మట్టి మూకుడు తెచ్చాను. ఒక పక్క సొరపాదు మొదట్లోని మట్టి, ఇంకో పక్క కుండలోని ఎరువు పోసి, నా మట్టి పక్కన రెండు ఎర్రలను వదిలాను. స్టూలు వేసుకుని కూర్చున్నాను. సాంబమూర్తి గారు కూడా గోడ దిగి వచ్చి, "మన పక్కే ఉంటాయి చూడండీ" అని తన కుర్చీ తెచ్చుకున్నారు.

వదిలీ వదలగానే అవి తోకలు కొట్టుకున్నాయి. ఒకటి పాకి పాకి ఎరువు పక్కకు పోయి తల దూర్చింది. రెండోది చిన్నది. దారిలోనే ముడి పడింది, విప్పుకుంది, మళ్ళీ ముడి పడింది. నేను మనసులో "రా, రా, ఇంకా కొంచెమే" అనుకుంటూ కూర్చున్నాను. బస్సు టైముకు రావాలని కూడా నేను ఎన్నడూ అంతగా కోరుకోలేదు. అది రాలేదు. సాంబమూర్తి గారు కుర్చీలోంచి లేచి మూకుడు మీదికి వంగి చూశారు. తర్వాత "అండీ" అని ఒక్క మాటే అన్నారు. దానికి ముందు గాని వెనక గాని ఏమీ లేదు.

నేను లేచి కాయ కోశాను. పెరటి మూలన గుంట తీసి పూడ్చేశాను. మెరిసే కాయను పూడ్చడం కష్టంగానే అనిపించింది. కాని నిన్ను విస్తరి ముందు కూర్చోబెట్టి, నవ్వుతూ దాన్ని వడ్డించడం నా వల్ల కాదు. నీతో వంద పందేలు కాస్తాను, నీకు విషం పెట్టను.

ఆ సాయంత్రమే కొత్తపేట చౌరస్తాలో మీసం తీయించేశాను. మంగలి కత్తి పట్టుకుని "నిజంగనా సార్?" అని రెండుసార్లు అడిగాడు. పొద్దున డిపోలో ఒక డ్రైవర్ అరగంట ఆలస్యంగా వచ్చి నన్ను చూసి "టైంకీపర్ సారు లీవా? మీరు కొత్తగ ఒచ్చిండ్రా?" అన్నాడు. అలవాటుగా పై పెదవి తడుముకున్నాను. వాడు దర్జాగా టీ తాగడానికి పోయాడు.

పందెం నువ్వే గెలిచావు. పండుగకు రా. కూర ఏమిటన్నది మాత్రం ఇప్పుడే చెప్పలేను. నువ్వు పంపిన సంచిలో వంకాయలు ఉన్నాయిలే.

నీ బావ


ముత్యాలగూడెం,
18 అక్టోబర్ 1985

బావా,

ఆ వంకాయలు వండవద్దు. ఈ ఉత్తరం ఇవాళే దశరథ చేతికి ఇచ్చి పంపుతున్నాను, అందేలోపు వండి ఉంటే పారేయండి. సొరకాయ పక్కనే పూడ్చండి.

మీ ఉత్తరం చదివి నవ్వడం మొదలుపెట్టాను. డ్రైవర్ దగ్గరకు వచ్చేసరికి గట్టిగా నవ్వాను, మా ఆవిడ వచ్చి చూసి పోయింది. తర్వాత వెనక్కి వెళ్ళి "నీకు విషం పెట్టను" అన్న దగ్గర మళ్ళీ చదివాను. ఇంక నవ్వు రాలేదు. మీరు ఒక్క కాయ, అదీ ఒక్క పూట, నాకు పెట్టలేకపోయారు. నేను ఎన్నేళ్ళుగా అక్కకు సంచులు కుట్టి పంపుతున్నాను! నా చేనులో ఎర్ర లేదని మీకు రాశాక కూడా వంకాయలు ఏరి, నున్నవి చూసి పైన పేర్చి పంపాను. ఎర్రలకు ఒక నేల, అక్కకు ఒక నేల అన్నట్టు. నా చేతులకు ఆలోచనే రాలేదు, బావా. మీ చేతికి వచ్చింది.

అందుకని నేనూ తీయించేశాను. ఇక్కడ మంగలి ఏమీ అడగలేదు, ఈరమ్మ పెద్దమ్మ అడిగింది. చెప్పాను. ఈసారి గట్టిగా చెప్పమనలేదు. లోపలికి పోయి, చాలాసేపు వెతికి, ఒక సొరకాయ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె ఊరికే ఒక వస్తువు ఇవ్వడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఇచ్చాక తనే కంగారుపడి "తొడిమ పడేయకు, తిరిగి తే" అంది.

కాయ పట్టుకుని రేపు దశరథ బస్సులో వస్తున్నాను. పిడికిలి కంటే కొంచెం పెద్దది, నడుము వంకర. ఒక పక్క పురుగు తొలిచింది. పురుగు లోపలే ఉంది, పొద్దుటి నుంచి కూర్చుని చూస్తున్నాను, తింటోంది, బతికే ఉంది. దాని సగం దానికి వదిలేసి మిగతా సగం అక్కను వండమనండి, మన ముగ్గురం తిందాం.

మీ
భిక్షపతి